ఎవరి ఆచారం వాళ్లదేనా? సమాజాన్ని బట్టి నీతి ఎందుకు మారుతుంది, ఎంతవరకు మారుతుంది

క్లుప్తంగా: సమాజానికో నీతి ఉంటుందన్నది పరిశీలనకు నిలిచే మాట. కాబట్టి ఏ ఆచారాన్నీ తప్పు పట్టకూడదన్నది వేరే మాట. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కాదు. మేనరికం నుంచి మెరియా అనే నరబలుల దాకా ఇందుకు ఉదాహరణలు ఉత్తరాంధ్ర చరిత్రలోనే ఉన్నాయి. ఒక ఆచారం ఎవరిదో తెలిస్తే సరిపోదు. దాని తరఫున మాట్లాడుతున్నది ఎవరు, భారం మోస్తున్నది ఎవరు అన్నది తేలాలి.

"ఎవరి ఆచారం వాళ్లది" అన్న మాట విశాఖపట్నంలో రోజూ ఎక్కడో ఒకచోట వినిపిస్తూనే ఉంటుంది. 1933లో ఓడరేవు వచ్చింది. తర్వాత షిప్‌యార్డు, రిఫైనరీ, తూర్పు నౌకాదళ కేంద్రం, ఉక్కు కర్మాగారం వచ్చాయి. వాటి వెంట దేశం నలుమూలల నుంచి మనుషులు వచ్చి స్థిరపడ్డారు. మల్కాపురం, ఉక్కునగరం క్వార్టర్లలో హర్యానా కుటుంబం, ఒడియా కుటుంబం, మలయాళీ కుటుంబం, శ్రీకాకుళం కుటుంబం ఒకే మెట్లు ఎక్కి దిగుతాయి. తీరాన జాలరిపేట ఉంది. ఓ నూరు కిలోమీటర్లు ఎగువకు వెళ్తే పాడేరు, అరకు కొండల్లో కోదులు, గదబలు, పోర్జలు, బగతలు వంటి తెగలవాళ్లు ఉంటారు. పెళ్లి, తిండి, చావు మైల, ఆడపిల్లకు పెట్టే హద్దులు, వీటిలో దేన్ని తీసుకున్నా ఒక ఇంటి మర్యాద పక్కింటికి తప్పుగా తోచవచ్చు.

ఈ తేడాల మీద వాదన మొదలైతే ఇరుపక్షాలూ త్వరగా బిగుసుకుంటాయి. తప్పు ఎక్కడైనా తప్పేనని ఒకరంటారు. వాళ్ల పద్ధతిని అనడానికి మనమెవరమని ఇంకొకరంటారు. ఈ రెండో పక్షాన్నే పండితులు సాంస్కృతిక సాపేక్షవాదం అంటారు. అయితే ఆ పేరు కింద ఒకటి కాదు, మూడు వాదనలు కలిసిపోయి ఉన్నాయి. గందరగోళమంతా అక్కడిదే.

మేనరికం: ఇక్కడ సంబంధం, అక్కడ దోషం

తెలుగు కుటుంబాల్లో మేనమామ కూతురు, మేనత్త కొడుకు వరసైనవాళ్లు. చాలా కులాల్లో అక్క కూతుర్ని చేసుకోవడమూ ఉంది. అదే ఇంట్లో పెదనాన్న కూతుర్ని చేసుకుంటానంటే మాత్రం ఎవరూ ఊహించను కూడా లేరు. ఆమె అక్కో చెల్లెలో అవుతుంది. హర్యానా పల్లెల్లో సొంత గోత్రంలోనే కాదు, సొంత ఊళ్లోనూ పిల్లను చేసుకోరు. అక్కడ మేనమామ కూతురు చెల్లెలే. అరబ్బు సమాజాల్లో చాలాచోట్ల తండ్రి సోదరుడి కూతురితో పెళ్లిని కోరి చేస్తారు.

మూడు చోట్లా మూడు నీతులు ఉన్నట్టే కనిపిస్తుంది. తోబుట్టువును పెళ్లాడకూడదన్న నియమం మాత్రం మూడింటిలోనూ ఒకటే. తోబుట్టువు అంటే ఎవరన్న గీత ఎక్కడ పడిందన్నదే తేడా. ఆ గీత వెనక బతుకు లెక్కలున్నాయి. భూమి చెదరకుండా ఉండాలన్నా, పుట్టింటికి మెట్టినింటికి రాకపోకలు తరతరాలు సాగాలన్నా మేనరికం పనికొస్తుంది. దూరపు ఊళ్లతో బంధుబలం పెంచుకోవాలంటే ఉత్తరాది పద్ధతి పనికొస్తుంది.

ఈ తగువు చాలా పాతది. బౌధాయన ధర్మసూత్రం అనే ప్రాచీన గ్రంథం దక్షిణాది ఆచారాలు ఐదింటిని, ఉత్తరాది ఆచారాలు ఐదింటిని వివాదాస్పదమైనవిగా చెబుతుంది. దక్షిణాది జాబితాలో భార్యతో కలిసి తినడం, చద్దన్నం తినడం, మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని పెళ్లాడడం ఉన్నాయి. ఉత్తరాది జాబితాలో ఉన్ని అమ్మకం, మద్యపానం, సముద్రయానం ఉన్నాయి. సముద్రం మీద బతికే ఊరికి ఈ చివరి మాట కొంత వింతగానే ఉంటుంది. ఎవరి దేశంలో వాళ్లు ఆ పని చేస్తే దోషం లేదు, ఇంకోచోట చేస్తే దోషం, ఇందులో దేశాచారమే ప్రమాణమని సూత్రం చెబుతుంది. వెంటనే మరో ధర్మసూత్రకారుడు గౌతముడి అభిప్రాయాన్నీ చెబుతుంది. అది అబద్ధమని, ఆచారం శిష్టుల సంప్రదాయానికి విరుద్ధమైతే ఎక్కడైనా ఒప్పుకోరాదని ఆయన మాట. సాపేక్షవాదమూ దాని ఖండనా ఒకే పుటలో ఉన్నాయి. ఈ చర్చ పడమటి నుంచి దిగుమతి అయిందన్న భావన అందుకే నిలవదు.

మేనరికం విషయంలో ఇప్పుడు కొత్త సంగతి ఒకటి వచ్చి చేరింది. మేనబావ మరదళ్ల జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడివి. మేనమామ, మేనకోడళ్ల మధ్య ఇది నాలుగో వంతు. పిల్లల్లో పుట్టుకతో వచ్చే తీవ్రమైన లోపాల అవకాశం మామూలుగా నూటికి 2 నుంచి 3 ఉంటే, మేనరికాల్లో అది దాదాపు రెట్టింపవుతుంది. డాక్టరు ఈ మాట చెప్పాక మేనరికం వద్దనుకున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ నిర్ణయానికి వాళ్లు తమ విలువలను వదులుకోలేదు. బిడ్డ క్షేమం వాళ్లకు ముందునుంచీ ముఖ్యమే. మారింది తెలిసిన విషయం. నీతిలో కనిపించే తేడాల్లో పెద్ద భాగం ఇలా సమాచారంలోని తేడాయే.

ఒకే పేరు కింద మూడు మాటలు

మొదటిది వర్ణన: వేర్వేరు సమాజాలు వేర్వేరు పనులను తప్పుగా చూస్తాయి. ఇందులో వాదించడానికేమీ లేదు. రెండోది సిద్ధాంతం: సమాజం ఒప్పుకున్నదే ఒప్పు, దానికి బయట మరో కొలత లేదు. మూడోది హితవు: కాబట్టి ఎవరూ ఎవరి ఆచారాన్నీ వేలెత్తి చూపకూడదు.

మొదటిదాని నుంచి రెండోది రాదు. మేనరికం పిల్లలకు ముప్పా కాదా అన్నదానిపై రెండు కుటుంబాలు తేడాపడినంత మాత్రాన ఆ ప్రశ్నకు జవాబే లేదని అర్థం కాదు. రెండోదాని నుంచి మూడోది కూడా రాదు. సమాజం చెప్పిందే ఒప్పయితే, పొరుగువాళ్లపై దండెత్తడం గొప్ప అని నమ్మే సమాజానికి దండెత్తడమే ఒప్పవుతుంది. సహనాన్ని అందరూ పాటించాలన్నది ఏ ఒక్క ఊరికో చెందని నియమం. దాన్ని నిలబెట్టాలంటే సాపేక్షవాదాన్ని దాటి రావాలి.

సంస్కర్తల దగ్గర ఈ సిద్ధాంతం మరీ ఇబ్బంది పడుతుంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆనాటి సమాజం ఆయనను, ఆయన తోటివారిని వెలివేసింది. సమాజం మాటే కొలత అయితే ఆ రోజు ఆయన చేసింది తప్పు, అభిప్రాయం మారాక అదే ఒప్పయింది అనాలి. వీరేశలింగం సరిగ్గా చూశారని, సమాజం ఆలస్యంగా చూసిందని చెప్పే దారి ఆ సిద్ధాంతంలో లేదు.

ఈ వాదం దేనికి విరుగుడుగా వచ్చింది

ఇన్ని లోపాలున్నా ఈ వాదం తేలిగ్గా తీసిపారేసేది కాదు. 19వ శతాబ్దపు యూరప్‌లో జాతులన్నిటినీ ఒక నిచ్చెన మీద నిలబెట్టి, కింది మెట్టు మీదున్నవాళ్లకు నీతి కూడా తక్కువేనని చెప్పే పద్ధతి ఉండేది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల, తెగల మనుషుల ముక్కులు, తలలు కొలిచి 1909లో ఏడు సంపుటాలు ప్రచురించారు. అప్పటి విశాఖపట్నం జిల్లా కొండవాళ్లూ వాటిలో ఉన్నారు. కొన్ని కులాలకు పుట్టుకతోనే నేరగాళ్లని ముద్ర వేసిన చట్టం 1871లో మొదలై 1952 దాకా నడిచింది.

అమెరికాలో స్థిరపడిన మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయస్, ఆయన శిష్యురాలు రూత్ బెనెడిక్ట్ ఆ నిచ్చెనను విరగ్గొట్టారు. ఒక ఆచారాన్ని ఆ సమాజపు బతుకులో పెట్టి చూడకుండా తీర్పు చెప్పకూడదన్నది వాళ్ల పట్టు. పద్ధతిగా ఇది ఇవాళ్టికీ అవసరం. అర్థం చేసుకోవడంలో వాడాల్సిన పద్ధతి తీర్పుగా మారినప్పుడే చిక్కు వచ్చింది. 1947లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన తయారుచేస్తుండగా అమెరికా మానవశాస్త్ర సంఘం తరఫున ఒక అభ్యంతరం వెళ్లింది. ఒక సంస్కృతి విలువలను అందరికీ ఎలా రుద్దుతారన్నది దాని సారం. మరుసటి ఏడు డిసెంబరు 10న ప్రకటన 48 ఓట్లతో ఆమోదం పొందింది. ఎటూ ఓటు వెయ్యకుండా తటస్థంగా ఉన్న 8 దేశాల్లో దక్షిణాఫ్రికా ఒకటి. తర్వాత ఆ దేశపు పాలకులు జాతి వివక్షను ఎవరి సంస్కృతిలో వాళ్లు విడిగా ఎదగడమని సమర్థించుకున్నారు. అణగారినవాళ్లకు కవచంగా పుట్టిన మాటను అణచేవాళ్లు తమకు అడ్డం పెట్టుకున్నారు. 1999 నాటికి అదే మానవశాస్త్ర సంఘం మానవ హక్కుల వైపు స్పష్టంగా వచ్చింది.

తేడాలు ఎక్కడి నుంచి పుడతాయి

మానవశాస్త్రవేత్త జోసెఫ్ హెన్రిక్ బృందం 15 చిన్న సమాజాల్లో ఒక ఆట ఆడించింది. ఒకరికి కొంత సొమ్మిచ్చి, అందులో కొంత రెండోవారికి ఇవ్వజూపమంటారు. రెండోవారు కాదంటే ఇద్దరికీ ఏమీ మిగలదు. పెరూ అడవుల్లో కుటుంబాలుగా విడివిడిగా బతికే మచిగెంగా జనం సగటున 26 శాతమే ఇవ్వజూపారు. ఇండోనేషియాలో పడవల మీద గుంపుగా తిమింగలాల వేటకు వెళ్లే లమలేరా జనం 58 శాతం దాకా ఇవ్వజూపారు. కలిసి వేటాడితేనే తిండి దొరికే చోట సమపంపకం నీతి అయింది. ఒక్క కుటుంబం తన పంట తాను పండించుకోగల చోట దాని అవసరం అంతగా రాలేదు. జాలరిపేటలో వేట చేపను పడవకు, వలకు, మనుషులకు వాటాలు వేసే పద్ధతి వెనకా ఈ లెక్కే ఉంది.

అదే ప్రయోగంలో న్యూగినీకి చెందిన అవు, గ్నవు జనం సగం కంటే ఎక్కువ ఇస్తామన్నా కాదన్నారు. కానుక పుచ్చుకుంటే రుణపడ్డట్టేనన్నది అక్కడి నీతి. తెలుగు పెళ్లికి వెళ్లినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. భోజనాల హాలు పక్కన బల్ల వేసుకుని ఇంటి పెద్ద ఒకరు గీతల నోటుపుస్తకంలో చదివింపులు రాస్తూ ఉంటారు. కవరు విప్పి నోట్లు లెక్కపెట్టడం, ఊరు, ఇంటి పేరు, ఎదురుగా 516 అనో 1,116 అనో వెయ్యడం, తర్వాతి కవరు అందుకోవడం. ఆ పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది. అవతలివాళ్ల ఇంట పెళ్లి వచ్చినప్పుడు తీసి చూసి, అంతకు తగ్గకుండా చదివిస్తారు. కానుకను డబ్బు లెక్కన తిరిగి ఇవ్వడం కొన్ని సమాజాల్లో అవమానం. ఇక్కడ ఇవ్వకపోవడమే అవమానం.

ఇంతకంటే లోతైన తేడాలూ ఉన్నాయి. మానవశాస్త్రవేత్త రిచర్డ్ ష్వీడర్, సహ పరిశోధకులు పొరుగు రాష్ట్రం ఒడిశాలోని భువనేశ్వర్‌లో, అమెరికాలోని షికాగోలో 39 సందర్భాలు చెప్పి ఏది తప్పో అడిగారు. 1987లో ఫలితాలు ప్రచురించారు. తండ్రి పోయిన మర్నాడే పెద్దకొడుకు క్షవరం చేయించుకుని కోడిమాంసం తినడం భువనేశ్వర్ బ్రాహ్మణ కుటుంబాలకు ఘోరమైన తప్పు. షికాగోవాళ్లకు అందులో తప్పేమీ కనిపించలేదు. పరీక్షలో బాగా రాస్తే పెన్ను కొనిస్తానన్న తండ్రి, కొడుకు బాగా రాశాక ఆ డబ్బును సిగరెట్లకు ఖర్చుపెట్టడాన్ని రెండు ఊళ్లూ తప్పన్నాయి. దారిన నిద్రపోతున్న కుక్కను తన్నడాన్నీ అంతే. మాట తప్పడం, ఊరికే హింసించడం దగ్గర ఊళ్లు కలిశాయి. పవిత్రత, మైల, ఇంటి అధికారం దగ్గర విడిపోయాయి.

వాటిలో ఒక సందర్భం దగ్గర ఆగాలి. భర్తకు చెప్పకుండా భార్య ఒంటరిగా సినిమాకు వెళ్లింది. మళ్లీ వెళ్తే కొడతానని అతను హెచ్చరించాడు. ఆమె మళ్లీ వెళ్లింది, అతను కొట్టాడు. షికాగో దీన్ని తప్పంది, భువనేశ్వర్ ఒప్పుకుంది. అలా ఒప్పుకున్నవాళ్లలో స్త్రీలూ ఉన్నారు.

భారం మోసేవాళ్లే సరేనంటే

సాపేక్షవాదానికి ఇది బలమైన ఆధారంగా కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అడిగిన ఏడు కారణాల్లో ఏదో ఒకదానికి భర్త కొట్టడం సబబేనన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 84 మంది. హిమాచల్‌ప్రదేశ్‌లో సుమారు 15 మంది. ఒకే దేశం, ఒకే చట్టం, చాలావరకు ఒకే మతం ఉన్నా ఇంత తేడా ఉంది. కాబట్టి సంస్కృతి అన్నప్పుడు గీత దేశాల మధ్యే పడుతుందనుకోకూడదు.

సబబే అన్న జవాబుకు సమ్మతి అన్నదొక్కటే అర్థం కాదు. బయటపడే దారి లేని చోట, పుట్టింటివాళ్లు సర్దుకుపొమ్మనే చోట, చేతిలో సొంత సంపాదన లేని చోట, తప్పించుకోలేనిదాన్ని తప్పుగా చూడకుండా ఉండడం బతకడానికి ఒక ఉపాయం. ఒప్పుకోలుకు విలువ ఉండాలంటే కాదనే వీలు కూడా ఉండాలి. ఆ వీలు ఉందో లేదో చూడకుండా వాళ్ల సంస్కృతి వాళ్లదని పక్కకు తప్పుకోవడం అర్థం చేసుకోవడం అనిపించుకోదు.

ఓలి, కన్యాశుల్కం, కట్నం

ఒకే పని రెండు చోట్ల రెండు అర్థాలివ్వడానికి పెళ్లిసొమ్ము మంచి ఉదాహరణ. మన్యంలోని తెగల్లో పెళ్లికొడుకువాళ్లు పెళ్లికూతురివాళ్లకు ఓలి అనే సొమ్ము ఇవ్వడం ఆచారం. చేలోనూ అడవిలోనూ సమానంగా కష్టపడే పిల్ల వెళ్లిపోతే ఆ ఇంటికి కలిగే లోటుకు అది గుర్తింపు. వితంతువు మళ్లీ పెళ్లాడవచ్చు. పొసగకపోతే పెద్దల ముందు సొమ్ము తేల్చుకుని విడిపోవచ్చు.

మైదానంలో 19వ శతాబ్దపు బ్రాహ్మణ కుటుంబాల్లోనూ వరుడి వైపు నుంచి వధువు వైపుకే సొమ్ము వచ్చేది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో అలాంటి పెళ్లిళ్ల జాబితా తీయించారు. గురజాడ అప్పారావు తన 'కన్యాశుల్కం' నాటకం 1897 ముద్రణకు రాసిన ముందుమాటలో ఆ లెక్కలిచ్చారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు. వాటిలో 99 మంది పిల్లలకు ఐదేళ్లు, 36 మందికి మూడేళ్లు, ముగ్గురికి ఏడాది. సొమ్ము నడిచే దిక్కు కొండ మీదా మైదానంలోనూ ఒకటే. ఓలి పుచ్చుకున్న ఇంటి పిల్లకు ఇష్టం లేకపోతే బయటికి వచ్చే దారి ఉంది. కన్యాశుల్కానికి ముసలివాడికి కట్టబెట్టిన పిల్లకు ఆ దారి లేదు. ఆ ముసలివాడు పోయాక మళ్లీ పెళ్లీ లేదు. ఆచారం పైరూపం చూసి రెండింటినీ ఒకే గాటన కట్టినా, ఎవరి ఆచారం వాళ్లదని రెండింటినీ ఒకేలా వదిలేసినా ఈ తేడా కనబడదు.

20వ శతాబ్దంలో దక్షిణాదిన ఓలి ఉన్న కులాలు చాలావరకు కట్నంలోకి మారాయి. చదువు, ఉద్యోగం మగపిల్లలకు ముందు అందడం, ఆడవాళ్ల పొలం పనికి గౌరవం తగ్గడం, పై కులాలను చూసి నడవడం ఇందుకు చెప్పే కారణాలు. 1961లో కట్న నిషేధ చట్టం వచ్చినా ఆ ఒరవడి ఆగలేదు. ఆచారాలు అనాదిగా మారకుండా వస్తున్నాయనే మాట వినబడినప్పుడల్లా ఈ మార్పు గుర్తుచేసుకోవాల్సిందే.

మెరియా: కఠినమైన పరీక్ష

ఇప్పటి ఒడిశాలోని గంజాం, జయపురం కొండల్లోని కోదుల్లో కొందరు భూదేవికి మనిషిని బలిచ్చేవారు. జయపురం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో భాగం. పంట పండాలన్నా, పసుపుకు రంగు పట్టాలన్నా నెత్తురు కావాలని నమ్మకం. మెరియా అని పిలిచే ఆ మనిషిని కింది ప్రాంతాల నుంచి కొని తెచ్చేవాళ్లు. ఒక్కోసారి పసితనం నుంచే పెంచేవాళ్లు. దీన్ని ఆపడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1845 నుంచి 1861 దాకా ప్రత్యేక ఏజెన్సీ నడిపింది.

రెండు వైపుల నుంచీ తొందరపాటు తీర్పులకు ఇక్కడ వీలుంది. బలి ఆచారం కాబట్టి కోదులకు అది ఒప్పే అంటే, కొనితెచ్చిన మనిషి ఎక్కడా లెక్కలోకి రాడు. ఆచారాన్ని నిర్ణయించినవాళ్లలో అతను లేడు. అలాగని బ్రిటిష్‌వాళ్లు నీతి కోసమే కొండలెక్కారనడం కూడా చరిత్ర కాదు. అంతకు ముందు 1835-37లో గంజాం వైపు జరిగిన ఘుమ్సూరు యుద్ధంలో ఊళ్లు తగలబెట్టారు, మనుషుల్ని ఉరితీశారు. బలి ఆపడమన్నది కొండలను లోబరుచుకోవడానికి సాకుగా కూడా పనికొచ్చింది. తప్పును తప్పనడం వేరు, ఆ మాటను అధికారానికి ఆయుధం చేసుకోవడం వేరు. రెండోదాన్ని చూసి మొదటిదాన్ని మానుకోనక్కర్లేదు.

మార్పు వచ్చిన తీరు గమనించాల్సింది. మనిషి స్థానంలో దున్నపోతు వచ్చింది. నరబలి మానేసిన కోదులు, కోపం వస్తే ఈ దొర మీద చూపించు, మా తప్పేమీ లేదని భూదేవికి మొక్కుకున్నట్టు ఆనాటి అధికారి రాశాడు. భూదేవి, పండగ, పంట మీద భక్తి అన్నీ నిలిచాయి. పోయింది ఒక్క హత్య. ఒక ఆచారంలో హాని చేసే భాగం తీసేస్తే సంస్కృతే కూలిపోతుందన్న భయానికి ఇది గట్టి జవాబు.

చట్టం రెండు చేతులతో చేస్తున్న పని

భారత చట్టం ఈ సమస్యను సిద్ధాంతంగా కాక సందర్భాన్ని బట్టి తేల్చింది. 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి రక్తసంబంధీకుల పెళ్లిని నిషేధిస్తూనే, ఇరువైపులా ఆచారం ఉంటే మినహాయింపు ఇచ్చింది. తెలుగువాళ్ల మేనరికాలు చెల్లేది అందువల్లే. షెడ్యూల్డ్ తెగలకు, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, ఆ చట్టమే వర్తించదు. షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 పెసా చట్టం, మన్యం పంచాయతీల చట్టాలు అక్కడి ఆచారాలకు అనుగుణంగా ఉండాలంది. ఇంకోవైపు రాజ్యాంగం 13వ అధికరణం, ప్రాథమిక హక్కులకు విరుద్ధమైతే చట్టబలం ఉన్న ఆచారమైనా చెల్లదంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 2006 బాల్యవివాహ నిషేధ చట్టంలో ఆచారం పేరుతో మినహాయింపు లేదు. పెద్దవాళ్లు తెలిసి ఎంచుకున్న చోట ఆచారానికి చోటు, పసిపిల్లలూ వెలివేసినవాళ్లూ నష్టపోయే చోట హక్కుకు ముందుపీట, ఇదీ స్థూలంగా ఆ గీత.

ఈ గీత దగ్గర తగువులు ఇకపై పెరిగేవే. మన్యం పిల్లలు చదువులకు మధురవాడ హాస్టళ్లకు దిగుతున్నారు, నగరం ఉద్యోగాలు కొండెక్కుతున్నాయి, భిన్న కులాల పెళ్లిళ్లు ఎక్కువవుతున్నాయి. పెళ్లి విడిపోతే ఓలి తిరిగి ఇవ్వాలా, భూమిలో కూతురికి వాటా ఉందా అన్న ప్రశ్నలకు "మా ఆచారం ఇది" అన్న జవాబు ఎవరి నోట వస్తుందన్నది ముఖ్యమవుతుంది. కులపెద్దల కూటమిలో సాధారణంగా మగవాళ్లే కూర్చుంటారు. పెసా ప్రకారం గ్రామసభ అంటే ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ. అందులో ఓలి పుచ్చుకున్న తండ్రీ ఉంటాడు, ఆ ఓలి ఎవరి పేర వచ్చిందో ఆ కూతురూ ఉంటుంది.